తల నొస్తే చెప్పాల్సిన కొండ... కిలిమంజారో!

"తల నొస్తోందా? అన్నం సయించిందా? కడుపులో తిప్పుతోందా? నడుస్తుంటే తూలినట్టు ఉంటోందా?"

ఆఫ్రికాలోని కిలిమంజారో పర్వతం ఎక్కేవాళ్లను గైడ్లు రోజూ అడిగే ప్రశ్నలివి. సాయంత్రం డేరాకు చేరి, వేడివేడి టీ తాగుతూ, మొక్కజొన్న పేలాలు నములుతుంటే గైడ్ ఓ నోటుపుస్తకం పట్టుకుని వస్తాడు. వేలికి ఓ క్లిప్పు పెడతాడు. కరోనా రోజుల్లో మనందరికీ పరిచయమైన ఆక్సిజన్ క్లిప్పే. ఆనాడు 94 కన్నా తగ్గితే గుండెలు చేతిలో పట్టుకున్నాం కదా! కొండమీద బాగా పైకి వెళ్లాక ఆ అంకె ఎనభైల్లో ఉన్నా మామూలే అంటారు. అంకె కన్నా నోటి మాట ముఖ్యం అక్కడ. తలనొప్పి, కడుపులో వికారం, నీరసం, కళ్లు తిరగడం... ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. డాక్టర్లు దీన్ని లేక్ లూయిస్ పట్టిక అంటారు. మార్కులు తక్కువ వస్తేనే పాసయినట్టు లెక్క! తలనొప్పి ఉండి, మొత్తం మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చిందంటే ఎత్తు పడలేదని అర్థం.

ఇప్పుడు చెప్పండి, ఇవే ప్రశ్నలు ఇంట్లో ఎవరైనా అడిగితే మనమేమంటాం? "ఏం లేదు, మంచిగనే ఉన్న" అంటాం. తలకు గుడ్డ బిగించి కట్టుకుని, కణతలకు ఇంత జిందా తిలిస్మాత్ రాసుకుని, పొయ్యి ముందు నిలబడతాం. పొద్దుటి నుంచీ తలపోటుగా ఉందని రాత్రి అందరి భోజనాలయ్యాక, అదీ ఎవరైనా అడిగితే చెబుతాం. ఈ గుణానికి మన ఇళ్లలో 'ఓపిక' అని పేరు. కిలిమంజారో మీద మాత్రం ఇదే ఓపిక ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ మధ్య ఆ కొండ గురించి తెలుసుకోవాల్సిన అవసరం నాకు పడింది. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు కొండ సంగతి.

ఎండల నడుమ మంచు

కిలిమంజారో టాంజానియా దేశంలో ఉంది. భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దూరమంతే. అలాంటి చోట నెత్తిన మంచు పెట్టుకుని కూర్చుంది! ఎత్తు 5,895 మీటర్లు. ఆఫ్రికా ఖండంలో ఇంతకన్నా ఎత్తయినది లేదు. మన కరీంనగర్ సముద్రమట్టానికి మూడు వందల మీటర్లు కూడా లేదు. మనకు కొండంటే కొండగట్టు, వేములవాడ పక్కనున్న నాంపల్లి గుట్ట. మెట్లెక్కి, దండం పెట్టుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తాం.

అసలిది అగ్నిపర్వతం. షీరా, కిబో, మావెంజి అని మూడు శిఖరాలు. అందరూ ఎక్కేది కిబో. దాని బిలం అంచున ఉన్న అత్యున్నత స్థానమే ఉహురు. స్వాహిలీ భాషలో ఉహురు అంటే స్వేచ్ఛ. జర్మన్ల పాలనలో దానికి వాళ్ల చక్రవర్తి పేరు ఉండేది. 1961లో ఆ దేశానికి స్వాతంత్య్రం వచ్చాక ఈ పేరు పెట్టుకున్నారు. 1889లో మొట్టమొదట ఎక్కినవాళ్లు హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్చెలర్ అని పుస్తకాల్లో ఉంటుంది. వాళ్లకు దారి చూపింది ఆ కొండ కింది మరాంగు ఊరి చగ్గా యువకుడు యోహాని లావో. వంట చేసినవాళ్ల పేరు పెళ్లిపత్రిక మీద ఉండదు కదా, అలాగన్నమాట! ఆడవాళ్లలో శిఖరం మొదట చేరింది షీలా మెక్‌డొనాల్డ్ అనే బ్రిటిష్ యువతి, 1927లో.

ఈ కొండ ఎక్కడానికి తాళ్లు, గొడ్డళ్లు, పాకుతూ పోవడాలు ఏమీ అక్కర్లేదు. నడవడమే. "నడవడమేనా!" అని తేలిగ్గా తీసుకునేవాళ్లు అందుకే ఎక్కువ, మధ్యలో దిగివచ్చేవాళ్లూ అందుకే ఎక్కువ.

పాకాల పిల్ల

కొండలెక్కడం మనకు సంబంధం లేని సంగతి అనుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. మా పక్కనే నిజామాబాద్ జిల్లా, సిరికొండ మండలం పాకాల. ఆ ఊరి అమ్మాయి మాలావత్ పూర్ణ. అమ్మానాన్నలు లక్ష్మి, దేవీదాస్ కూలి పనులు చేసుకుని బతికే గిరిజనులు. పూర్ణ తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. అప్పట్లో గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పిల్లలకు కొండలెక్కడం నేర్పించాలని పూనుకున్నారు. కోచ్ శేఖర్‌బాబు భువనగిరి కోట బండ మీద నేర్పించారు. ఆ తర్వాత డార్జిలింగ్, ఆ పైన గడ్డకట్టే చలిలో లద్దాఖ్. 2014 మే 25న, పద్నాలుగేళ్లు ఇంకా నిండకుండానే, పూర్ణ ఎవరెస్టు మీద నిలబడింది. వెంట ఖమ్మం జిల్లా గురుకులం విద్యార్థి ఆనంద్‌కుమార్.

అంతటితో ఆగలేదు. ఏడు ఖండాల్లో ఎత్తయిన ఏడు కొండలూ ఎక్కాలనుకుంది. ఆ వరుసలో 2016లో కిలిమంజారో. 2022 జూన్‌లో అమెరికాలోని డెనాలితో ఏడూ పూర్తయ్యాయి. ఎవరెస్టు ఎక్కిన పిల్లకు కిలిమంజారో ఓ లెక్కా అనుకోవచ్చు. కానీ నేను గమనించింది వేరు. ఆ పిల్లను ఒక్కసారిగా ఎవరెస్టు కిందికి తీసుకెళ్లి ఎక్కమనలేదు. బండ, కొండ, మంచు... నెలల తరబడి మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్లారు. పేపర్లలో శిఖరం మీద జెండా ఫొటో చూసి చప్పట్లు కొట్టే మనకు ఆ నెలలు కనిపించవు.

పూర్ణ తర్వాత మన దగ్గర కిలిమంజారో అంటే ఓ మోజు వచ్చింది. 2018లో హైదరాబాద్‌కు చెందిన ఏడేళ్ల బాబు కూడా ఎక్కాడు. సంతోషమే. అయినా తల నొస్తోందని సరిగ్గా చెప్పడం కూడా రాని వయసులో పిల్లల్ని అంత ఎత్తుకు తీసుకెళ్లడం నాకైతే మనసుకు ఒప్పదు. అక్కడి నిబంధనల ప్రకారం పదేళ్లు దాటాలి, అంతకన్నా చిన్నవాళ్లకు ప్రత్యేక అనుమతి కావాలి.

పోలే పోలే

కిలిమంజారో మీద పొద్దుట లేచింది మొదలు వినబడే మాట "పోలే పోలే". నిదానం నిదానం అని. అచ్చం మన 'మెల్లమెల్లగ' లాగే ఒకే మాట రెండుసార్లు! ముందు గైడ్ నడుస్తాడు. అతన్ని దాటి పోనివ్వరు. చూసేవాళ్లకు "ఇదేం నడక, ముసలమ్మ నడక" అనిపిస్తుంది. ఆ ముసలమ్మ నడకే పైకి చేరుస్తుంది. మొదటి రోజు ఉరికినవాళ్లు మూడో రోజుకు మంచం పడతారు. వయసులో ఉన్న కుర్రాళ్లు, రోజూ జిమ్ముకు పోయేవాళ్లు కూడా! కండబలానికీ ఎత్తు పడటానికీ సంబంధం లేదు మరి.

సంగతేమిటంటే, శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగమే. ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువూ సగమే. ఒంటికి ఇది అలవాటు కావడానికి రోజులు పడుతుంది. ముందు శ్వాస వేగం పెరుగుతుంది. మూత్రం ఎక్కువగా వస్తుంది. అది మంచి గుర్తే! చలికి డేరాలోంచి లేవబుద్ధి కాక నీళ్లు తాగడం మానేస్తే మాత్రం కష్టం. ఇక రక్తంలో కణాలు పెరగాలంటే వారాలే పడుతుంది.

అందుకే "ఎక్కేది ఎత్తుకు, పడుకునేది కింద" అని ఓ సూత్రం. మచామే దారిలో మూడో రోజు లావా టవర్ అనే చోటికి, 4,600 మీటర్ల దాకా ఎక్కిస్తారు. అన్నం తినిపించి మళ్లీ బరాంకో లోయకు, నాలుగు వేల మీటర్ల లోపుకు దింపేస్తారు. అంత కష్టపడి ఎక్కింది దిగడానికా అని విసుక్కుంటారట కొత్తవాళ్లు. ఆ దిగుడే రేపటి ఎక్కుడికి పెట్టుబడి.

ఎత్తు పడకపోతే మొదట వచ్చేది తలనొప్పే. అక్కడే ఆగి, విశ్రాంతి తీసుకుంటే చాలామందికి తగ్గిపోతుంది. దాచి, ఇంకా పైకి పోతే రెండు రకాల ప్రమాదం. మెదడులో నీరు చేరి వాపు వస్తే మనిషి తాగినట్టు తూలుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబిస్తుంది. గీత గీసి మడమ ముందు మడమ పెట్టి నడవమంటే నడవలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కూర్చున్నా ఆయాసం, దగ్గు, నురగతో కూడిన కళ్లె. రెండింటికీ అసలు మందు ఒక్కటే. కిందికి దిగడం. అర్ధరాత్రయినా, వానైనా, శిఖరం కళ్లముందే ఉన్నా దిగడం. ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది, డయమాక్స్ పేరుతో దొరుకుతుంది. అది ఒంటిని త్వరగా అలవాటు చేస్తుందే తప్ప ప్రమాదాన్ని మాయం చేయదు. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

ఇంతకీ ఇదంతా నాకెందుకంటే...

మా చెల్లె ఎక్కబోతోంది. హైదరాబాద్‌లో ఉద్యోగం. ముప్పై మూడేళ్లు. నాలుగేళ్ల కొడుకు. ఆఫీసులో తోటివాళ్లు పదిమంది కలిసి ఫిబ్రవరిలో ప్రయాణం పెట్టుకున్నారు. తన జీతంలోంచి రెండేళ్లు కూడబెట్టుకుంది. బతుకమ్మకు వేములవాడ వచ్చినప్పుడు బయటపెట్టింది.

మా అమ్మ వెంటనే అంది: "గుట్టెక్కాల్నంటే కొండగట్టు లేదా బిడ్డా? గా ఆఫ్రికకే పోవాల్నా? పిలగాన్ని ఎవరు సూస్తరు?"

"అత్తమ్మ సూస్కుంటనన్నది అమ్మా. ఎనిమిది దినాలే."

అత్తగారు ఒప్పుకున్నారు, భర్త ఒప్పుకున్నాడు. అందరూ నన్ను కూడా ఒప్పుకొమ్మన్నారు. ఆడపిల్ల కొండెక్కడమేంటని కాదు నా భయం. మా చెల్లె తలనొప్పి దాచే మనిషి. తన పెళ్లిలో నూటరెండు జ్వరంతో మూడు గంటలు పీటల మీద కూర్చుంది. అప్పగింతలయ్యాక కారులో సొమ్మసిల్లితే గానీ ఎవరికీ తెలియలేదు. ఇప్పటికీ మా చుట్టాలు ఆ సంగతి మెచ్చుకుంటూనే చెప్పుకుంటారు. "ఎంత ఓపికమంతురాలో!" అని. అలాంటి మనిషి కొండమీద తల పగిలిపోతున్నా "నావల్ల పదిమందీ ఆగిపోతారేమో" అని నోరు విప్పుతుందా? నాకదే బెంగ.

అందుకే నేను మొదట అడిగింది డేరాల గురించీ, పులుల గురించీ కాదు. ఎన్ని రోజుల్లో ఎక్కిస్తారని. వాళ్లకు మొదట దొరికిన ట్రావెల్స్ వాళ్లు అయిదు రోజుల్లో ఎక్కి దిగేయొచ్చన్నారు. ధర తక్కువ! ఎందుకు తక్కువంటే, అక్కడి జాతీయ పార్కు రుసుములే మనిషికి రోజుకు వంద డాలర్లు దాటుతాయి. ఒక రోజు తగ్గిస్తే అంత మిగులు. ఆ మిగిలేది మన ఒళ్లు అలవాటు పడాల్సిన రోజు. ఎనిమిది రోజుల లెమోషో దారికి మార్చుకోమన్నాను. పదిమందిలో ఆరుగురు ఒప్పుకున్నారు. తక్కినవాళ్లు అంత సెలవు దొరకదని మానుకున్నారు.

రక్తం సంగతి

ఇంకో మాట. మన దగ్గర ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో తెలంగాణలోనూ అంతే. ప్రాణవాయువును మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. కొండమీద గాలిలోనే సగం. మోసేది కూడా తక్కువైతే ఇక మిగిలేదెంత? బూట్లు, కోట్లు, టార్చిలైట్లు కొనుక్కోవడానికి దుకాణాలన్నీ తిరిగిన మా చెల్లె హిమోగ్లోబిన్ పరీక్ష ఊసే ఎత్తలేదు. వాళ్ల బృందం వాళ్లెవరికీ తట్టలేదట. కరీంనగర్ తీసుకెళ్లి నేనే చేయించాను. 10.4 ఉంది. ఆడవాళ్లకు పన్నెండు ఉండాలి. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసింది. మాత్ర వేసుకున్న గంట దాకా చాయ తాగొద్దంది, అది మావాళ్లకు అన్నిటికన్నా పెద్ద శిక్ష!

నెలసరి గురించి పైకి అడగడానికి సంకోచిస్తాం గానీ అది ఆటంకమేమీ కాదు. ఎత్తులో, ప్రయాణ బడలికలో తేదీలు ముందు వెనక కావచ్చు. కాబట్టి లెక్క ప్రకారం రాదనుకున్నా సరంజామా వెంట ఉండాలి. వాడినవి కొండమీద వదలకూడదు, సంచిలో కట్టి కిందికి తెచ్చుకోవాల్సిందే. తేదీ మార్చే మాత్రలు వేసుకుంటే కొందరిలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. డాక్టరును అడగకుండా పక్కింటావిడ చెప్పిందని వేసుకోవద్దు.

మోసేవాళ్లు

గైడ్ లేకుండా ఈ కొండ ఎక్కనివ్వరు. ఒక్కొక్కరికి ముగ్గురు నలుగురు చొప్పున పోర్టర్లు ఉంటారు. డేరాలు, బియ్యం, గ్యాసు, కుర్చీలు, నీళ్లు అన్నీ నెత్తి మీద. ఇరవై కిలోలకు మించొద్దని గేటు దగ్గర తూకం వేస్తారు. మనం చిన్న సంచితో ఆయాసపడుతుంటే వాళ్లు "జాంబో!" అని పలకరిస్తూ దాటిపోతారట. మనకన్నా ముందు చేరి, డేరా వేసి, నీళ్లు కాచి ఉంచుతారు. ఈ మధ్య ఆడ పోర్టర్లు, ఆడ గైడ్లు కూడా వస్తున్నారు. ఇంట్లో పిల్లల్ని తల్లికి అప్పజెప్పి వచ్చేవాళ్లే వాళ్లూ. చౌక ధరకు తీసుకెళ్లేవాళ్లు రోజులే కాదు, ఈ కూలీల జీతాలు, భోజనాలు కూడా కోస్తారు. ఎత్తు ఎవరికైనా ఎత్తే. సరైన కోటు లేక చలికి చనిపోయిన పోర్టర్లూ ఉన్నారు. కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ వాళ్లను సరిగ్గా చూసుకునే కంపెనీలేవో జాబితా పెడుతుంది. మా చెల్లె వాళ్లు ఆ జాబితా చూసే కంపెనీని ఎంచుకున్నారు.

ఇక దారి అందం చెప్పాలంటే, అయిదు దేశాలు తిరిగినట్టే! కింద చగ్గావాళ్ల అరటి, కాఫీ తోటలు. తర్వాత వాన వెలియని అడవి, తోక తెల్లగా ఊపుతూ కొలోబస్ కోతులు. ఆపైన పొదలు, మనిషి కన్నా ఎత్తయిన వింత చెట్లు. గ్రౌండ్‌సెల్ అంటారు, కాండం నిండా ఎండిన ఆకులు గొంగడి కప్పుకున్నట్టు. ఆ తర్వాత చెట్టూ చేమా లేని రాతి ఎడారి. చివర మంచు.

ఆఖరి రాత్రి బరాఫు అనే మజిలీ నుంచి బయల్దేరుతారు. స్వాహిలీలో బరాఫు అంటే మంచు. మన 'బరఫ్' గుర్తుకు రావడం లేదూ? అర్ధరాత్రి తలకు దీపాలు కట్టుకుని నడుస్తారు. సున్నా కన్నా పది పదిహేను డిగ్రీలు కింద చలి. సీసాలో నీళ్లు గడ్డకడతాయి. కాలు వేస్తే జారే కంకర, రెండడుగులు ముందుకు ఒకడుగు వెనక్కి. ఆరేడు గంటలు. తెల్లారేసరికి 5,756 మీటర్ల స్టెల్లా పాయింట్, ఇంకో గంటకు ఉహురు. మార్కులు బాగోలేక వెనక్కి పంపేవాళ్లను ఎక్కువగా ఈ రాత్రే పంపుతారు. పైన ఎక్కువసేపు ఉండనివ్వరు. ఫొటో దిగి, అదే రోజు మూడు వేల మీటర్ల దాకా దిగిపోవాలి. మోకాళ్లు పట్టేస్తాయి గానీ, దిగుతున్నకొద్దీ తల తేలికవుతుందట.

హాన్స్ మేయర్ ఎక్కిన కాలంలో బిలం అంచుకు చేరాలంటే మంచులో మెట్లు చెక్కుకోవాల్సి వచ్చింది. ఇప్పుడదంతా కంకరే. 1912 నుంచి 2007 లోపు అక్కడి మంచులో 85 శాతం పోయింది. 2050 నాటికి మొత్తం పోవచ్చని 2022లో యునెస్కో చెప్పింది. మా చెల్లె కొడుకు పెద్దవాడై ఎక్కాలనుకుంటే వాడికి మంచు మిగులుతుందో లేదో.

మొన్న కంపెనీవాళ్లు ఆరోగ్య పత్రం పంపారు. బీపీ, షుగరు, ఆస్తమా, పడని మందులు అన్నీ అడిగి, చివర 'గైడ్‌కు చెప్పదలచినది ఇంకేమైనా ఉందా' అని ఓ ఖాళీ. చెల్లె ఫోన్‌లో చదివి "ఏం లేదని రాయనా అక్కా?" అంది.

"తలనొప్పి దాచే అలవాటుందని రాయి" అన్నాను.

నవ్వింది. "గట్ల రాస్తరా ఎవరన్న?" అంది. అయినా రాసింది. రాశాక నాకు ఫొటో తీసి పంపింది. రోజుకు రెండు మాత్రలు, ఆదివారం ఆదివారం మెట్లెక్కడం నడుస్తున్నాయి. హిమోగ్లోబిన్ సంక్రాంతికి మళ్లీ చూపించుకోవాలి. పన్నెండు వస్తేనే టికెట్టుకు మిగతా డబ్బు కడుతుంది.